ఒకే ఫోనులో రెండు వాట్సాప్ ఖాతాలు: సౌకర్యం ఎంత, గోప్యత ఎంత?

ఖాతా అనగానే మన పాఠకులకు బ్యాంకు పొదుపు ఖాతా గాని, పంట రుణపు ఖాతా గాని స్ఫురించడం సహజం. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే ఖాతా వేరు. ఇది ఫోనులోని వాట్సాప్ ఖాతా. దీనికి పాసుపుస్తకం లేదు, నిల్వ లేదు, వడ్డీ లేదు. అయినప్పటికీ గ్రామాలలోని రుణగ్రహీతలకూ, ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు, ట్రాక్టరు విడిభాగాలు విక్రయించే డీలర్లకూ ఇది నేడు బ్యాంకు ఖాతాతో సమానమైన నిత్యావసరంగా పరిణమించింది.

పూర్వం ఎరువుల దుకాణంలో చిట్టా, ఆవర్జా గల్లాపెట్టె పక్కన ఉండేవి. ఇంటి పద్దుల పుస్తకం ఇంట్లో ఉండేది. దుకాణానికి వచ్చిన రైతు తన పద్దు చూసుకొనేవాడే గాని, డీలరు ఇంటి సంగతులు అతని కంటపడేవి కావు. ఒకే నెంబరు, ఒకే వాట్సాప్ ఖాతా వచ్చిన తరువాత ఈ హద్దు చెరిగిపోయింది. కుమార్తె నిశ్చితార్థం ఫొటోలతో పెట్టిన స్టేటస్‌ను నాలుగు మండలాల ఖాతాదారులు చూస్తున్నారు. రాత్రి పదకొండు గంటలకు యూరియా లోడు వచ్చిందా అన్న ప్రశ్న, ఆసుపత్రిలో ఉన్న బంధువు పంపిన సందేశం ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి. తొందరలో ఒకరికి పంపవలసిన బాకీ వివరం మరొకరికి చేరుతున్నది. ఈ ఇబ్బందికి విరుగుడుగా అనేకులు రెండవ ఖాతా తెరుస్తున్నారు. తెరవడం మంచిదే. అయితే రెండవ ఖాతా పనులను వేరుచేయగలదే గాని రహస్యాలను కాపాడలేదు. ఈ తేడా గ్రహించకుండా, రెండవ ఖాతా ఉన్నది గదా అన్న ధైర్యంతో అజాగ్రత్త పెంచుకొన్నవారు మా క్షేత్ర పర్యటనలలో తరచు తటస్థపడుతున్నారు.

తెరిచే పద్ధతి

వాట్సాప్ సంస్థ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకే యాప్ నుండి రెండు ఖాతాలు నడుపుకొనే సౌకర్యాన్ని ప్రకటించింది. సెట్టింగ్స్‌లో మన పేరు పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కి ‘యాడ్ అకౌంట్’ ఎంచుకొంటే రెండవ నెంబరు అడుగుతుంది. ఆ నెంబరుకు వచ్చిన సంకేత సంఖ్యను నమోదు చేస్తే ఖాతా సిద్ధమవుతుంది. ఇందుకు రెండవ సిమ్ అవసరం. రెండు సిమ్‌లు పట్టే ఫోన్లు గ్రామాలలో సర్వసాధారణం కనుక ఇది కష్టమైన పని కాదు. ఏ ఖాతాకు ఆ ఖాతాలో గోప్యతకు సంబంధించిన ఏర్పాట్లు, శబ్ద సూచనలు విడివిడిగా చేసుకోవచ్చు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఒకే యాప్‌ను రెండు ప్రతులుగా వాడుకొనే ఏర్పాటు అంతకు ముందు నుండే ఉన్నది.

డీలర్లకు ఇంతకంటె అనువైనది 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ అని నా అభిప్రాయం. ఇది మామూలు వాట్సాప్‌కు భిన్నమైన యాప్. దీనిలో దుకాణం చిరునామా, తెరిచి ఉంచే వేళలు, సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు. దుకాణం మూసిన తరువాత వచ్చే సందేశాలకు ముందే రాసిపెట్టిన జవాబు దానంతట అదే వెళ్ళేటట్లు చేయవచ్చు. ఒకే నెంబరుతో మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ ఏకకాలంలో నడపడం సాధ్యం కాదు. కావున దుకాణపు నెంబరును బిజినెస్ యాప్‌కు, ఇంటి నెంబరును మామూలు యాప్‌కు కేటాయిస్తే గుర్తులు కూడా వేరుగా కనబడి పొరపాట్లు తగ్గుతాయి.

ఇవిగాక జీబీ వాట్సాప్ వంటి పేర్లతో వ్యాప్తిలో ఉన్న నకలు యాప్‌లు కొన్ని ఉన్నాయి. ఒకే ఫోనులో ఎన్ని ఖాతాలైనా నడుపుకోవచ్చునని, ఇతరులు చెరిపివేసిన సందేశాలు కూడా చూడవచ్చునని ఆశ చూపుతాయి. ఇవి అసలు సంస్థ తయారుచేసినవి కావు, ప్లే స్టోరులో లభించేవీ కావు. తయారు చేసినవారెవరో తెలియని యాప్ చేతిలో మన సందేశాలన్నీ పెట్టడం, ఇనుప బీరువా కొని దాని తాళంచెవి దారినపోయేవానికి ఇచ్చినట్లుంటుంది. వీటిని వాడినవారి ఖాతాను మూసివేసే హక్కు కూడా వాట్సాప్ సంస్థకు ఉన్నది. సీజను నడుమ దుకాణపు ఖాతా మూతపడితే కలిగే నష్టం డీలర్లకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఎవరికి అవసరం?

ఐదారు ఎకరాలు సాగు చేసుకొనే రైతుకు రెండవ వాట్సాప్ ఖాతా అవసరం లేదు. రెండవ సిమ్‌ను సజీవంగా ఉంచడానికి అయ్యే రీఛార్జి ఖర్చు దండుగ. ఆ రైతు ఫోనులో రెండు సిమ్‌లు ముందే ఉంటే మాత్రం చేయదగిన పని ఒకటి ఉన్నది. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు జతచేసిన నెంబరుతో వాట్సాప్ సమూహాలలో చేరకుండా, రెండవ నెంబరుతో చేరడం. బ్యాంకు నుండి సంకేత సంఖ్యలు వచ్చే నెంబరు ఎంత తక్కువమందికి తెలిస్తే అంత క్షేమం.

డీలర్లకు రెండవ ఖాతా తప్పనిసరి అనే చెప్పవచ్చు. అంతకంటె ఎక్కువ అవసరమున్నవారు మరొకరున్నారు. వారు స్వయం సహాయక సంఘాల నాయకురాళ్ళు, గ్రామ సంఘాల పుస్తక నిర్వాహకులు. పొదుపు జమలు, రుణ వాయిదాలు, సమావేశాల తేదీలు ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. సంఘం పని కొరకు ఇచ్చిన సొంత నెంబరు పదిమంది చేతులు మారి, ముక్కు మొహం తెలియని వారి నుండి అర్ధరాత్రి సందేశాలు, వీడియో కాల్స్ వస్తున్నాయని వాపోయిన సోదరీమణులు ఉన్నారు. ఇంట్లో అనుమానాలకు తావిస్తుందేమోనన్న భయంతో సంఘం బాధ్యత నుండే తప్పుకోవాలని ఆలోచించినవారూ ఉన్నారు. సంఘం పేరుతో, సభ్యులందరి అంగీకారంతో ఒక నెంబరు తీసుకొని, దానిపై బిజినెస్ ఖాతా తెరిచి, నాయకురాలు మారినప్పుడు ఆ సిమ్‌ను తీర్మానం ద్వారా అప్పగించే పద్ధతి పెట్టుకొంటే ఈ సమస్య చాలవరకు తీరుతుంది. సిమ్ ఎవరి పేరున ఉన్నదో వారి బాధ్యత చట్టరీత్యా కొనసాగుతుంది కనుక, అప్పగింతతో పాటు సిమ్ పేరు మార్పిడి కూడా చేయించుకోవలె.

ఇంటి ఖాతా ప్రాముఖ్యం ఆంధ్రప్రదేశ్‌లో మరొక కారణంగా పెరిగింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలు ప్రారంభించింది. ధ్రువపత్రాల వంటివి ఆ మార్గంలో అందుతున్నాయి. ఇటువంటి సేవలను నలుగురు చేతబట్టే దుకాణపు ఖాతా నుండి గాక ఇంటి ఖాతా నుండే పొందవలె.

గోడ ఉన్నది, తాళం లేదు

రెండు ఖాతాలున్నా ఫోను ఒక్కటే. దుకాణంలో పనిచేసే కుర్రవాడు స్టాకు వివరం చూడడానికి ఫోను తెరిస్తే ఇంటి ఖాతా కూడా అతని ఎదుట ఉన్నట్లే. ఏ ఖాతాకు వచ్చిన ఫొటో అయినా, మనం వద్దని ఏర్పాటు చేసుకొననంతవరకు, ఫోనులోని ఒకే గ్యాలరీలో చేరుతుంది. సెట్టింగ్స్‌లో ‘మీడియా విజిబిలిటీ’ని ఆపివేస్తే ఆ తరువాత వచ్చే ఫొటోలు గ్యాలరీలో కనబడవు. ఈ పని రెండు ఖాతాలకూ విడివిడిగా చేయవలసి ఉంటుంది. వేలిముద్రతో తెరుచుకొనే యాప్ తాళం, ఎంచుకొన్న సంభాషణలకు మాత్రమే వేసే తాళం కూడా వాట్సాప్‌లోనే ఉన్నాయి. ఆరు అంకెల పిన్‌తో పనిచేసే రెండంచెల ధ్రువీకరణను కొందరు ఒక ఖాతాకు పెట్టుకొని రెండవ దానిని మరచిపోతున్నారు. ఆ మరచినది సాధారణంగా దుకాణపు ఖాతాయే. మోసగానికి కావలసినదీ అదే, ఎందుకంటే డీలరు పేరుతో డబ్బు అడిగితే రైతు సందేహించడు.

పేర్లు, నెంబర్ల పట్టికను కూడా రెండవ ఖాతా విడదీయదు. ఫోనులోని పట్టిక ఒక్కటే. 2020 చివర తెలంగాణలో వెలుగుచూసిన రుణ యాప్‌ల వేధింపులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అప్పు తీసుకొన్నవారి ఫోనులోని నెంబర్ల పట్టికను కాజేసి, బంధుమిత్రులకు అవమానకరమైన సందేశాలు పంపారు. ఆత్మహత్యలు సైతం జరిగాయి. ఆ తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు జారీచేసి, రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్ళను, నెంబర్ల పట్టికను, కాల్ వివరాలను తాకరాదని నిషేధించింది. అయినా నిషేధాన్ని లెక్కచేయని యాప్ ఫోనులో చేరిన పక్షంలో, వాట్సాప్ ఖాతాలు రెండున్నా నాలుగున్నా ఫలితం ఒక్కటే.

ఇక దుకాణంలోని కంప్యూటరు విషయం. ఒక వాట్సాప్ ఖాతాను ఫోనుతో పాటు మరో నాలుగు పరికరాలకు జోడించవచ్చు. బిల్లు ప్రింటు తీయడానికి జిరాక్సు దుకాణంలో ఒకసారి జోడించిన ఖాతా అక్కడ తెరిచే ఉండిపోయే అవకాశం ఉన్నది. మన ఫోను జేబులోనే ఉన్నా, మన సంభాషణలు అక్కడ చదవవచ్చు. ‘లింక్డ్ డివైసెస్’ అన్నచోట వారానికొకసారి చూసి తెలియనివాటిని తొలగించడం రెండు నిమిషాల పని.

సంస్థకు ఏమి తెలుస్తుందన్న ప్రశ్న కూడా కొందరు చదువుకొన్న రైతులు వేస్తున్నారు. 2016 ఏప్రిల్ నుండి వాట్సాప్ సందేశాలు పంపినవారు, అందుకొన్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని విధంగా సంకేతబద్ధమై ప్రయాణిస్తున్నాయి. దీనిని అంటించిన కవరుతో పోల్చవచ్చు. లోపలి ఉత్తరం పోస్టుమాను చదవలేడు. కాని ఎవరు ఎవరికి రాశారో, ఏ ఊరి ముద్ర పడిందో, వారానికి ఎన్ని కవర్లు వెళ్తున్నాయో అతనికి తెలుస్తూనే ఉంటుంది. నెంబరు, ఫోను వివరాలు, వాడే వేళలు వంటివి వాట్సాప్ సంస్థ సేకరిస్తున్నట్లు దాని విధాన పత్రంలోనే ఉన్నది. కాబట్టి ఒకే ఫోను నుండి నడిచే రెండు ఖాతాలు ఇద్దరు వేర్వేరు మనుషులవని సంస్థ పొరబడుతుందనుకోవడం అమాయకత్వం. వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ సంస్థ కొనుగోలు చేసింది. వాడకందారుల వివరాలను మాతృసంస్థతో పంచుకొనే విషయమై 2021 జనవరిలో తెచ్చిన విధానం వివాదాస్పదమై, 2024 నవంబరులో కాంపిటిషన్ కమిషన్ 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను సమర్థించింది.

ఫోనులోని సందేశాలను గూగుల్ డ్రైవ్‌లో భద్రపరచే బ్యాకప్‌కు ఈ సంకేత రక్షణ దానంతట అది వర్తించదు. 2021 నుండి బ్యాకప్‌కు కూడా సంకేత రక్షణ పెట్టుకొనే వీలు ఉన్నది, కాని దానిని మనమే కోరి పెట్టుకోవలె.

ఇతరుల కాగితాలు మన ఫోనులో

అసలు గోప్యత అనగానే మనమందరం మన సొంత సంగతుల గురించే ఆలోచిస్తాము. డీలరు విషయంలో ఇది సరికాదు. డీలరు ఫోనులో అతని సొంత రహస్యాల కంటె ఇతరుల కాగితాలే ఎక్కువ. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, 1-బి నకలు, కౌలు ఒప్పందం ఫొటో, ఇవన్నీ రైతులు ఏదో ఒక సందర్భంలో వాట్సాప్‌లో పంపినవే. ఒక్కొక్క డీలరు ఫోనులో రెండు మూడు వందల కుటుంబాల ఆస్తిపాస్తుల వివరాలు పోగుపడి ఉండడం నేను స్వయంగా చూశాను. బ్యాంకు శాఖలో ఇదే కాగితాలను తాళం వేసిన బీరువాలో ఉంచి, తీసినప్పుడల్లా రిజిస్టరులో రాస్తాము.

మా సేవా పరిధిలోని ఒక గ్రామంలో జరిగిన సంఘటన ఇక్కడ చెప్పడం అవసరం. ఒక డీలరు చాలా జాగ్రత్తపరుడు. ఇంటికి, దుకాణానికి వేర్వేరు ఖాతాలు పెట్టుకొన్నాడు. కొత్త ఫోను కొన్నప్పుడు రెండు ఖాతాలనూ అందులోకి మార్చుకొని, పాత ఫోనును బావమరిదికి ఇచ్చాడు. ఖాతాలు మారగానే పాత ఫోనులో వాట్సాప్ మూతపడింది. దానితో పని పూర్తయిందనుకొన్నాడు. కాని గ్యాలరీలోని ఫొటోలు అక్కడే ఉండిపోయాయి. వాటిలో ఆవర్జా పేజీల ఫొటోలు అనేకం. ఒక రైతు తన బాకీ అడిగితే పేజీ మొత్తం ఫొటో తీసి పంపడం ఆ డీలరు అలవాటు. పేజీలో ఆ రైతు పద్దుకు పైనా కిందా మరో నలుగురి పద్దులు ఉంటాయి గదా! ఫలానావారికి లక్షా నలభై వేల రూపాయల బాకీ ఉన్నదన్న మాట నెల తిరగకుండానే ఊరంతా పాకింది. ఆ రైతు ఇంట అప్పటికి కుమార్తె పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మగపెళ్ళివారు కబురు చేయడం మానివేశారు. బాకీ నిజమే, దాచిన సొమ్మేమీ లేదు. పత్తి అమ్మగానే తీర్చేవాడు, తరువాత తీర్చాడు కూడా. ఆ సంబంధం మాత్రం తిరిగి కుదరలేదు. డీలరు ఇంటికి వెళ్ళి బ్రతిమాలినా ఆ కుటుంబం మళ్ళీ అతని దుకాణం మెట్టు ఎక్కలేదు. రెండవ ఖాతా ఈ విషయంలో ఏ రక్షణా ఇవ్వలేకపోయింది.

ఇటువంటి నష్టం తప్పించడానికి పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. ఆవర్జా పేజీ ఫొటో తీసేముందు మిగిలిన పద్దులపై కాగితం కప్పడం, లేదా మొత్తం మాత్రమే రాసి పంపడం చాలు. పాత ఫోను ఎవరికైనా ఇచ్చేముందు ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేయించాలి. ఖాతా మార్చినంత మాత్రాన ఫోను ఖాళీ కాదు. రైతు పంపిన కాగితం పని తీరిన రోజునే తొలగించాలి. 2018 నుండి రాయితీ ఎరువుల విక్రయం పి.ఓ.ఎస్. యంత్రంపైనే జరుగుతున్నందున, కొనుగోలుదారు గుర్తింపు అక్కడ పూర్తయిన తరువాత ఆధార్ ఫొటోను డీలరు ఫోనులో దాచుకోవలసిన పని లేదు.

రైతుల వైపు నుండి కూడా కొంత జాగ్రత్త అవసరం. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే ‘మాస్క్‌డ్ ఆధార్’ ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి తీసుకోవచ్చు. మీ సేవ కేంద్రంలోనో, ఇంట్లో చదువుకొన్న పిల్లల చేతనో ఒకసారి తీయించి ఉంచుకొంటే సరిపోతుంది. జిరాక్సు ప్రతిపై ఏ పని నిమిత్తం, ఏ తేదీన, ఎవరికి ఇస్తున్నారో అడ్డంగా రాసి ఆ తరువాతే ఫొటో తీసి పంపండి. ఒక్కసారి చూడగానే మాయమయ్యే విధంగా ఫొటో పంపే ఏర్పాటు వాట్సాప్‌లో 2021 నుండి ఉన్నది. ఎదుటివారు మరొక ఫోనుతో దానిని ఫొటో తీయరన్న హామీ మాత్రం లేదు.

చట్టం దృష్టిలో కూడా ఇంటికీ దుకాణానికీ మధ్య హద్దు ఉన్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. తదుపరి 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి అప్పటి నుండి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాల కొరకు ఉంచుకొన్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. దుకాణపు వ్యాపారం ఇంటి అవసరం కాదు. అంటే మేనల్లుడి ఆధార్ ఫొటో మీ ఇంటి ఖాతాలో ఉండడం వేరు, ఖాతాదారుని ఆధార్ ఫొటో మీ దుకాణపు ఖాతాలో ఉండడం వేరు. చిన్న వ్యాపారులపై ఈ చట్టం ఎంత కఠినంగా ప్రయోగింపబడుతుందన్నది ముందు ముందు తేలవలసిన విషయం. ఖాతాదారుని నమ్మకం విషయంలో మాత్రం వ్యవధి ఏదీ లేదు.

సమూహాలు, బాకీదారుల జాబితాలు

సరుకు వచ్చినప్పుడు, ధర మారినప్పుడు ఒకేసారి అందరికీ తెలియజేయడానికి డీలర్లు సమూహాలు ఏర్పాటు చేస్తున్నారు. ఒక సమూహంలో 1024 మంది వరకు చేరవచ్చు. అందులో చేరిన ప్రతివారి నెంబరు మిగిలినవారందరికీ కనబడుతుంది. ఆహ్వాన లింకు చేతులు మారితే ఎవరైనా ప్రవేశించవచ్చు. పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితా అనే పేరుతో ఏ.పీ.కే. ఫైలు పంపి, దానిని తెరిచినవారి ఫోనుకు వచ్చే సంకేత సంఖ్యలను కాజేసే ముఠాలకు ఇటువంటి రైతు సమూహాలు కూర్చిపెట్టిన పళ్ళెం వంటివి. పీఎం కిసాన్ సొమ్ము ఏడాదికి 6000 రూపాయలు, మూడు వాయిదాలుగా, నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. దాని కొరకు వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలునూ తెరవనక్కరలేదు.

డీలరు చెప్పదలచిన విషయం ఏకపక్షమైనదైతే సమూహం అసలు అవసరమే లేదు. ‘బ్రాడ్‌కాస్ట్’ జాబితా ద్వారా ఒక్కొక్క జాబితాలో 256 మంది వరకు ఒకే సందేశం పంపవచ్చు. ఎవరికి వారికి విడిగా అందుతుంది. ఒకరి నెంబరు మరొకరికి కనబడదు. దుకాణపు నెంబరును తమ ఫోనులో పేరుతో భద్రపరచుకొన్న వారికే ఇది చేరుతుంది కనుక, ఖాతాదారుల చేత ఆ పని ముందుగా చేయించాలి. 2023 సెప్టెంబరులో భారతదేశంలో ప్రవేశపెట్టిన ‘ఛానల్’ సౌకర్యంలో చేరినవారి నెంబర్లు ఒకరికొకరికి కనబడవు. గుంటూరు మిరప యార్డు ధరలు, వాతావరణ సూచనలు వంటివి తెలియజేయడానికి ఇది చాలినంత. రైతులు తమవంతుగా, తమను సమూహాలలో ఎవరు చేర్చవచ్చుననే సెట్టింగులో ‘మై కాంటాక్ట్స్’ అని మార్చుకొంటే అపరిచితులు చేర్చడం ఆగుతుంది.

ఇక బాకీదారుల జాబితాలను సమూహంలో పెట్టే దురలవాటు. దసరా లోపు చెల్లించనివారి పేర్లు ఇవి అంటూ నలభై పేర్లు, అంకెలతో సహా పెట్టిన సందేశాన్ని ఒక రైతు నాకు చూపించాడు. అతని పేరు అందులో పదిహేడవది. కౌలుకు తీసుకొన్న పొలంలో నల్లతామర పురుగు సోకి మిరప పోయిన సంవత్సరమది. ఆ సందేశాన్ని పట్నంలో చదువుతున్న అతని కుమారుడు కూడా చూశాడు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు, రుణగ్రహీతను బహిరంగంగా అవమానించడాన్ని, కుటుంబ సభ్యుల, మిత్రుల గోప్యతకు భంగం కలిగించడాన్ని, సామాజిక మాధ్యమాలలో అనుచిత సందేశాలు పంపడాన్ని, ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలు నిమిత్తం ఫోను చేయడాన్ని నిషేధించింది. ఆ ఉత్తర్వు బ్యాంకులకు, ఆర్థిక సంస్థలకు, వాటి వసూలు ఏజెంట్లకు వర్తించేది. డీలరు బ్యాంకు కాడు. అయినా బ్యాంకుకు తగని పని డీలరుకు తగుతుందని నేననుకోను. బాకీ అడగడం డీలరు హక్కు. దానిని ఒక్కరికే పంపే సందేశంగా అడగవచ్చు.

సిమ్ సంగతులు

రెండవ ఖాతా కొరకు తీసుకొన్న సిమ్‌ను, సంకేత సంఖ్య వచ్చిన తరువాత సొరుగులో పడవేసేవారున్నారు. 90 రోజులపాటు వాడని ప్రీపెయిడ్ నెంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన నెంబరును మరో 90 రోజులు ఆగిన తరువాత కొత్తవారికి కేటాయించే వీలు ఉన్నది. అప్పుడు మీ దుకాణం బోర్డుమీది నెంబరు శ్రీకాకుళంలోనో, నిజామాబాదులోనో ఎవరి చేతికో చేరవచ్చు. రైతులు మీకనుకొని పంపిన పాసుపుస్తకాల ఫొటోలు ఆ కొత్త వ్యక్తికి చేరుతాయి. సొరుగులోని సిమ్‌తో ఖాతాలు నడపడాన్ని అరికట్టే ఉద్దేశంతో కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఒక ఆదేశం జారీచేసింది. ఖాతా తెరిచిన సిమ్ ఫోనులో లేనిదే సందేశాల యాప్ పనిచేయరాదని, కంప్యూటరులో తెరిచిన ఖాతా ఆరు గంటలకు మించకుండా మూసుకుపోవాలని అందులో పేర్కొన్నది. సొరుగు సిమ్‌ల యజమానులు దానిని తిరిగి ఫోనులో పెట్టి చిన్న రీఛార్జి చేయించుకోవడం మేలు.

పనివాని పేరుతోనో, వృద్ధురాలైన అత్తగారి పేరుతోనో సిమ్ తీసుకొనే పద్ధతికి స్వస్తి చెప్పాలి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతో గాని, మారుపేరుతో గాని సిమ్ పొందితే మూడేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. ఒక వ్యక్తి పేరున గరిష్ఠంగా 9 సిమ్‌లు మాత్రమే ఉండవచ్చు. మీ పేరున ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకొని, మీవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. కమీషన్ ఇస్తాము, మీ రెండవ వాట్సాప్ ఖాతాను కొద్దిరోజులు వాడుకోనివ్వండి అని అడిగేవారు ఎవరైనా సరే, సంకేత సంఖ్య చెప్పకండి. ఆ ఖాతాతో మోసం జరిగితే పోలీసులు వెతుక్కొంటూ వచ్చేది సిమ్ ఎవరి పేరున ఉన్నదో వారి ఇంటికే. ఇప్పటికే మోసపోయి ఖాతా నుండి సొమ్ము పోయిన పక్షంలో ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేసి, ఆ తరువాత శాఖకు రండి. ముందు శాఖకు రావాలని దారిలో రెండు గంటలు గడిపితే సొమ్ము అన్ని చేతులు మారిపోతుంది.

దుకాణపు నెంబరు మార్చవలసివస్తే, పాత సిమ్ ఇంకా పనిచేస్తుండగానే వాట్సాప్‌లోని ‘ఛేంజ్ నంబర్’ ద్వారా మార్చండి. ఖాతాదారులకు తెలియజేసే ఏర్పాటు అందులో ఉన్నది. బోర్డు, బిల్లు పుస్తకం, లైసెన్సు వివరాలలో కొత్త నెంబరు చేర్చండి. పాత నెంబరు మీ బ్యాంకు ఖాతాకు కూడా జతపడి ఉంటే, అది రద్దయ్యేలోగా పాసుపుస్తకం, ఆధార్ తీసుకొని స్వయంగా శాఖకు వచ్చి దరఖాస్తు ఇవ్వండి. ఈ పనిని వాట్సాప్‌లో చేసిపెడతామని ఎవరు చెప్పినా, బ్యాంకు చిహ్నం ఫొటోగా పెట్టుకొన్నా సరే, వారు బ్యాంకువారు కారు.